మూడో గీత

"నలభై ఏడు," అన్నారు ఇంజనీరుగారు, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ. "పొద్దున తాళం. మధ్యాహ్నం తాళం. సాయంత్రం తాళం. అంటే ఖాళీ ఇల్లు. అవునా తల్లీ?"

"అవునండీ," అంది కొలతలమ్మాయి.

అనేసింది. రెండు క్షణాలు కూడా పట్టలేదు. ఇంజనీరుగారు ఎర్ర సిరాతో ఆ వరుస మీద అడ్డంగా గీత కొట్టి, పేజీ తిప్పి, నలభై ఎనిమిదో నంబరు లేదని గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి తిప్పారు. మెట్ట వీధి అక్కడితో ఆఖరు. కింద మొత్తం రాశారు: నలభై ఆరు ఇళ్ళు.

అంతవరకూ ఆ శనివారం ఎంత బాగుందని! పొద్దున టిఫిన్ డబ్బా మూత తీస్తే రొట్టె మీద మడిచిన చీటీ ఉంది. 'మాడ్చింది నేనే. తిట్టుకుంటూ తిను. సాయంత్రం మొహం చూపిస్తాను, అప్పుడు మిగతా తిట్లు.' పెళ్ళై నలభై రోజులు. చీటీని ఎక్కడ దాచుకోవాలో తెలియక కొలత టేపు డబ్బాలో పెట్టుకుంది. టేపు లాగినప్పుడల్లా లోపల అది గరగరలాడుతోంది. ఆ చప్పుడు వినడానికే బల్ల పొడవు రెండుసార్లు కొలిచింది.

ఇప్పుడు ఆ టేపు ఒళ్ళో బరువుగా ఉంది.

ఊరికి ఈ చివర నుంచి ఆ చివర దాకా బస్సుల కోసమే ఒక రోడ్డు వేస్తున్నారు. ఈ ఏటి బడ్జెట్‌లో ఆ రోడ్డుకీ, రోడ్డు కింద పోయే ఇళ్ళకి బదులు కట్టే ఇళ్ళకీ కలిపి ఒకే మంజూరు ఇచ్చారు. జాబితా మీద సంతకం పడి మంగళవారం రాత్రి ఎనిమిదింటికి పైకి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఏడాది ముగిసిపోయి నిధులు మురిగిపోతాయి. రోడ్డూ ఉండదు, ఇళ్ళూ ఉండవు.

జాబితా తయారు చేసే పద్ధతి సులువే. ప్రతి గడపకీ మూడుసార్లు వెళ్ళాలి. ఒక రోజు పొద్దున, ఒక రోజు మధ్యాహ్నం, ఒక రోజు సాయంత్రం ఆరు దాటాక. వెళ్ళిన ప్రతిసారీ ద్వారబంధం మీద సుద్దతో ఒక గీత గీయాలి. మనుషులుంటే కాగితాలు చూసి 'ఉన్నారు' అనీ, లేకపోతే 'తాళం' అనీ రిజిస్టర్లో రాయాలి. మూడుసార్లూ తాళమైతే అక్కడ ఎవరూ కాపురం ఉండటం లేదని లెక్క. కాపురం లేని ఇంటికి బదులు ఇల్లు ఉండదు. 'గీతలు చెరిపితే ఇల్లు రాదు' అని వీధి మొదట్లో నోటీసు కూడా అంటించారు.

నలభై ఏడో ఇల్లు మాత్రం వీధిలో లేదు. వీధి ముగిసిన చోట అరవై మూడు మెట్లు ఎక్కితే, పైన ఒంటరిగా, ఎవరో అక్కడ పెట్టి మరచిపోయినట్టుంటుంది. సోమవారం పొద్దున ఎక్కింది, తాళం. మంగళవారం మిట్టమధ్యాహ్నం ఎక్కింది, తాళం. చెమట కారుతుంటే ఒక గీత గీసి, సుద్ద చేతిలో ఉండగానే పక్కన ఇంకొకటి గీసేసింది. గురువారం వచ్చి చూద్దాం, గీత మాత్రం ఇప్పుడే గీస్తే పోలేదూ అనుకుంది. అందులో తప్పేముంది? వచ్చి చూస్తుందిగా.

గురువారం సాయంత్రం నలభై ఆరో ఇల్లు ముగించి మెట్ల దగ్గరికి వచ్చేసరికి, ఎదురుగా బస్‌స్టాపు బల్ల మీద ఆమె మొగుడు కూర్చుని ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు ఐస్‌క్రీమ్ కప్పులు. ఒకటి అప్పుడే కరిగి మణికట్టు మీదుగా చొక్కాలోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక మోచేతిని గాల్లో ఎత్తి పట్టుకుని, "తొందరగా రావోయ్, నేనే కరిగిపోతున్నాను!" అని అరిచాడు.

ఆమె మెట్ల వైపు ఒకసారి చూసింది. నవ్వొచ్చేసింది. పరిగెత్తింది.

రిజిస్టర్లో 'తాళం' అని బస్సులో రాసింది, ఆయన భుజానికి ఆనుకుని. కుదుపుకి అక్షరం వంకర పోతే ఇద్దరూ దానికి కూడా నవ్వారు.

"ఏంటమ్మా, కొత్త పెళ్ళికూతురికి మొహం వాడింది?" అన్నాడు ఆఫీసులో పక్క బల్ల నుంచి టేపు బాబాయి. ముప్ఫై ఏళ్ళుగా టేపు రెండో కొస పట్టుకుంటున్నందుకు ఆఫీసంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. "ఒక్క పూట ఆయన్ని చూడకపోతేనే ఇలాగా?"

"బాబాయ్, సాయంత్రం తాళం ఉన్న ఇళ్ళు మీరు తిరిగిన వీధిలో ఎన్ని?"

ఆయన నవ్వు ఆపి, పెన్సిల్ చెవి వెనక పెట్టుకున్నాడు. "ఎందుకూ?"

"ఊరికే."

"ఊరికే అడిగేవి అడక్కూడదు తల్లీ," అన్నాడు, చాలా మెల్లగా.

వాళ్ళు అద్దెకున్నది ఒకే గది. కిటికీ కూడా ఒకటే. ఆ కిటికీకి ఎవరు దగ్గరగా పడుకోవాలని రోజూ గొడవ, రోజూ ఇద్దరూ గెలిచేవారు. కుళాయి కట్టేసినా పది చుక్కలు కారి గాని ఆగదు. ఆ పదీ పైకి లెక్కపెట్టడం వాళ్ళ ఆట. ఆమె ఉద్యోగం వచ్చే నెల ఖాయమైతే ఆఫీసు క్వార్టర్స్‌లో రెండు గదులొస్తాయి. రెండు గదుల్లో ఏం చేసుకుంటాం, ఒకరినొకరు వెతుక్కోవడం తప్ప, అని ఆయన బెంగపడేవాడు. ఆయన కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే దుకాణంలో పని. సాయంత్రాలు గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఉంటుంది.

ఆ రాత్రి అన్నం తింటూ, "గురువారం లాంటి సాయంత్రం ఇంకొకటి కావాలోయ్," అన్నాడు. "పెళ్ళయ్యాక అదే నెంబర్ వన్. నీకు పని ముందే అయిపోవడం, నాకు సెలవు దొరకడం, బస్సులో ఇద్దరికీ సీటు..."

ఆమె ముద్ద కలుపుతూనే ఉంది. కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలిపింది.

"కుళాయి లెక్కపెట్టలేదేం?" అన్నాడు.

"పది," అంది, వినకుండానే.

ఆదివారం ఒక్కతే వెళ్ళింది. స్నేహితురాలి దగ్గరికని చెప్పింది. మెట్లు ఎక్కుతూ ఒకటొకటే లెక్కపెట్టింది, ఎక్కడం ఆలస్యమైతే బాగుండునని. అరవై మూడు దాటాయి. తలుపు తీసే ఉంది.

గుమ్మంలో కూర్చుని ఒకావిడ దిండు గలీబుకి గుండీ కుడుతోంది. యాభై దాటి ఉంటాయి. చేతులు మణికట్ల దాకా పాలిపోయి, వేళ్ళ కొసలు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. ఈమె భుజానికున్న ఆఫీసు సంచీ చూడగానే సూది గుచ్చుకున్నంత పని అయింది ఆవిడకి. లేచి నిలబడింది.

"రండమ్మా రండి, కూర్చోండి. అంతా సరిగ్గానే ఉంది కదా?"

కొలతలమ్మాయి చూపు ద్వారబంధం మీద ఆగిపోయింది. మూడు సుద్ద గీతలు. వాటి మీద పలచటి ప్లాస్టిక్ కాగితం చతురస్రంగా కత్తిరించి, నాలుగు అంచులా టేపు అంటించి ఉంది.

"మొన్న వాన పడిందిగా," అంది ఆవిడ గబగబా. "గీతలు చెరిగితే ఇల్లు రాదని రాశారు కదమ్మా కింద. ఆసుపత్రి దుప్పట్లు చుట్టుకొచ్చే కాగితమే ఇది. అడిగే తెచ్చుకున్నా, దొంగతనం కాదు."

ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. తెల్లవారకముందే వెళ్తే దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, ఇల్లు చేరేసరికి అయిదు. అందుకే పొద్దునా తాళం, మధ్యాహ్నమూ తాళం. ఇవన్నీ టీ కాస్తూ తనే చెప్పింది. అడగని వాటికి కూడా జవాబులు చెబుతోంది. చక్కెర రెండుసార్లు వేసింది. గురువారం మాట మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పెయ్యాలి, అనుకుంది కొలతలమ్మాయి. గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకుంది.

"ఒక్క మాట అడగనా అమ్మా?" అంది ఆవిడ ముందే. గూట్లోంచి నూలు తాడు తీసింది. దానికి రెండు ముళ్ళు వేసి ఉన్నాయి. "ఈ ముడి నుంచి ఈ ముడికి నా మంచం. కొత్త ఇంట్లో గదులు ఎంతుంటాయో మీకు తెలుసు కదా. కిటికీ పక్కన గోడకి ఈ మంచం పడుతుందా? కిటికీ పక్కన పడుకోవాలని... నవ్వకండి. ఈ ఇంటికి కిటికీ లేదు."

కొలతలమ్మాయి నవ్వలేదు. అలవాటుగా టేపు తీసింది. లోపల చీటీ గరగరలాడింది. టేపు కొసని మంచం తలవైపు ఆవిడ పట్టుకుంది. ఇనప మంచం, ఆరడుగుల రెండంగుళాలు. కొత్త ఇళ్ళ నక్షా కళ్ళకి కట్టినట్టుంది ఆమెకి. ఆ గోడ సరిగ్గా ఆరడుగులు.

"పడుతుంది, పిన్నిగారూ," అంది.

ఆవిడ మొహం విచ్చుకుంది. ఆ మొహాన్ని చూడలేక ఇటు తిరిగితే, గుమ్మంలోంచి కొండ దిగువంతా కనిపించింది. మెట్లు, వీధి, వీధి మొదట్లో నోటీసు. మెట్లకి ఎదురుగా బస్‌స్టాపు, ఆకుపచ్చ బల్ల. బల్ల మీద కూర్చున్న ఒకతను చెవి గోక్కోవడం కూడా కనిపిస్తోంది.

టీ సగంలో వదిలేసి దిగిపోయింది.

ఇంటికొచ్చాక మొగుడికి అంతా చెప్పింది. కిటికీ దగ్గర నిలబడి, వీపు తిప్పుకుని చెప్పింది. రెండో గీత పక్కన మూడో గీత, ఐస్‌క్రీము, బస్సులో వంకర అక్షరం, ప్లాస్టిక్ కాగితం, మంచం.

ఆయన చాలాసేపు గోళ్ళలోని తెల్ల పొడి గీక్కుంటూ కూర్చున్నాడు.

"పని ముందే అయిపోయిందన్నావు," అన్నాడు చివరికి.

"అన్నాను."

"చెప్పకపోతే ఏమవుతుంది?"

"నాకా? ఏమీ కాదు. వచ్చే నెల ఖాయం చేస్తారు. రెండు గదులొస్తాయి."

"కిటికీలెన్ని?"

"మూడు," అంది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆయన లేచి కుళాయి కట్టేశాడు. ఇద్దరూ చుక్కలు విన్నారు. ఎవరూ లెక్కపెట్టలేదు. "కప్పులు పట్టుకుని అరిచింది నేనే కదోయ్," అన్నాడు. ఆ మాటతో తన బరువు తగ్గుతుందేమోనని చూసుకుంది. తగ్గలేదు. అరిచింది ఆయనే, పరిగెత్తింది మాత్రం తను.

సోమవారం ఇంజనీరుగారి గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు. చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు.

"తలుపు వేసి రా," అన్నారు.

వేసి వచ్చింది.

"నేను అడిగినప్పుడు శనివారమే చెప్పి ఉంటే పెన్సిల్‌తో పోయేది. ఇప్పుడు సిరా అయింది. మార్చాలంటే నువ్వు రాసివ్వాలి, సాయంత్రం వెళ్ళకుండా వెళ్ళినట్టు రాశానని. ఒక్క గీత అబద్ధమని తేలితే నీ వీధి మొత్తం మళ్ళీ తిరగాలి, నలభై ఏడు గడపలూ, ఆరు దాటాక. ఈసారి ప్రతి ఇంట్లోవాళ్ళ సంతకంతో. ఇవాళ, రేపు, రెండే సాయంత్రాలున్నాయి. రేపు ఎనిమిదికి నా బల్ల మీద లేకపోతే నీ ఒక్క ఇంటి కోసం నేను రోడ్డు ఆపను. తెలుసా?"

"తెలుసండీ."

"ఉద్యోగం ఖాయమయ్యే కాగితం ఆగిపోతుంది. ఆరునెలలో, ఏడాదో. క్వార్టరూ అంతే. మా అమ్మాయివైతే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలీదు." తెల్ల కాగితం ఆమె ముందుకి జరిపారు. "ఎందుకు వెళ్ళలేదని రాయాలి. కారణం గడి ఉంది."

ఆ గడి దగ్గర చాలాసేపు ఆగింది. ఒంట్లో బాగాలేదని రాయొచ్చు, ఎవరూ అడగరు. చివరికి 'నా భర్త ఐస్‌క్రీము తెచ్చినందువల్ల' అని రాసింది. ఇంజనీరుగారు చదివి, కింద తేదీ వేశారు.

బయటికొస్తే టేపు బాబాయి ఎదురుపడ్డాడు. ఆఫీసులో తలుపులున్నది వెయ్యడానికేగాని మాటలు ఆపడానికి కాదు. "నిజం చెప్పుకునే సరదా ఉంటే ఇంట్లో చెప్పుకోవాలమ్మాయ్," అన్నాడు. "రేపు మా వీధులూ తిరగదోడతారు. నా మోకాళ్ళు చూశావా? ఈ మోకాళ్ళతో ఏ మెట్లెక్కానో, ఏవి ఎక్కలేదో నాకే గుర్తులేదు." ఆ తర్వాత ఆమె బల్ల వైపు చూడటం మానేశాడు.

ఆ సాయంత్రం ముప్ఫై ఎనిమిది గడపలు తిరిగింది. అన్నిటికన్నా ముందు ఎక్కాల్సిన మెట్లు అన్నిటికన్నా చివరికి పెట్టుకుంది. కాళ్ళు అటు వెళ్ళలేదు.

మంగళవారం నలభై ఆరో ఇంట్లో సంతకం అయ్యేసరికి ఆరున్నర. మెట్లెక్కి పైకి చేరేసరికి తలుపుకి తాళం.

తాళం ఎప్పటిదో, తుప్పు పట్టి ఉంది. చేత్తో పట్టుకుని లాగి చూసింది, లాగితే మనిషి వస్తుందన్నట్టు. రిజిస్టరు తెరిచింది. 'సాయంత్రం: తాళం' అని ఇప్పుడు రాస్తే అది నిజం. వెళ్ళింది, చూసింది, తాళమే. రూలు ప్రకారం ఆమె పని అయిపోయింది. కాగితం మీద ఒక్క అక్షరం కూడా అబద్ధం ఉండదు.

పెన్ను మూత పెట్టేసింది. గుమ్మం ముందు పైమెట్టు మీద, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి ఆయన ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. "ఏడైంది. ఇక్కడి నుంచి మీ ఆఫీసుకి పరిగెత్తినా పావుగంట. ఎంతసేపు కూర్చుంటావు?"

"వచ్చేదాకా."

"రాకపోతే?"

ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాడు. దీపాలు వెలుగుతున్న వీధి వైపు చూశాడు. బస్‌స్టాపు బల్ల కనిపించగానే తల దించుకున్నాడు.

ఏడు ఇరవైకి మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆవిడే. చంకలో సంచీ, చేతిలో తాళంచెవి. వీళ్ళని చూసి అక్కడే ఆగిపోయింది.

"ఎంతసేపైందమ్మా?"

'ఇప్పుడే' అనబోయింది. "ముప్పావు గంట," అంది. "పిన్నిగారూ, గురువారం సాయంత్రం నేను రాలేదు. ఆ మూడో గీత మంగళవారమే గీసేశాను. రాకుండానే తాళమని రాశాను. దాంతో మీ ఇల్లు జాబితాలోంచి పోయింది."

ఆవిడ చేతిలో తాళంచెవి వేళ్ళ మధ్య తిరిగింది.

"పోయిందా?" అంది. "గీత ఉంటే ఇల్లు వచ్చినట్టే అనుకున్నానే." మెట్టు మీద చతికిలబడింది. కాసేపటికి, "నువ్వు రాలేదని నాకు తెలుసు," అంది.

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

"గురువారం సాయంత్రం వస్తారని కిందివాళ్ళు చెబితే ఇక్కడే కూర్చున్నా, ఇదే మెట్టు మీద, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని. నాలుగింటి నుంచి. తొందరగా రావాలని ఆ పూట నా పని ఇంకొకావిడకి అప్పజెప్పా. దానికి బదులు ఇవాళ ఆవిడ పని నేను చేసి వస్తున్నా. పైనుంచి అంతా కనపడుతుంది తల్లీ. మీరిద్దరూ కప్పులు పట్టుకుని నవ్వడం చూశాను. పిలుద్దామని లేచాను కూడా. కానీ గీత అప్పటికే ఉందిగా. పిలిచి, 'నువ్వు రాలేదు కదా' అంటే గీత చెరిపేస్తావేమోనని భయపడ్డా. కాగితాలు చూపించకుండానే ఇల్లొచ్చేసిందని నోరు మూసుకున్నా. ఆదివారం నువ్వొస్తే గుండె ఆగిపోయినంత పనైంది, దొరికిపోయాననుకున్నా." కొంగు కొసతో మొహం తుడుచుకుంది. "ఈ అయిదు రోజులూ ముద్ద దిగలేదు, నిజం చెబితే."

"నాకూ అంతే పిన్నీ," అంది కొలతలమ్మాయి.

"మాటలు తర్వాత," అన్నాడు ఆయన లేచి. "పావుతక్కువ ఎనిమిదికి మనం కింద ఉండాలి."

తలుపు తీసింది ఆవిడ. గూట్లోంచి కాగితాలు తెచ్చింది. కరెంటు చీటీలు, లాండ్రీ గుర్తింపు కార్డు, అన్నీ గుడ్డలో మడిచి ఉన్నాయి. కొలతలమ్మాయి ఒక్కొక్కటీ చదివింది, తొందరున్నా ఒక్కటీ వదలకుండా. సంతకం చేస్తుంటే ముడతల వేళ్ళలోంచి పెన్ను రెండుసార్లు జారింది. ఆ తర్వాత ఆవిడే గోరుతో ప్లాస్టిక్ కాగితం అంచు లేపి ఊడదీసింది. కొలతలమ్మాయి మూడో గీతని అరచేత్తో చెరిపింది. వాన తగలని సుద్ద, పిండిలా రాలింది. సంచీలోంచి కొత్త సుద్ద తీసింది.

"ఆగు. నేను చూస్తుండగా గియ్యి," అంది ఆవిడ, దీపం దగ్గరికి తెచ్చి.

గీసింది. కొంచెం వంకరగా వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

నాలుగు మెట్లు దిగి కొలతలమ్మాయి ఆగిపోయింది. ఆయన చెయ్యి లాగుతున్నాడు. వెనక్కి తిరిగింది.

"పిన్నీ! ఆ మంచం పట్టదు. గోడ ఆరడుగులే. మంచం రెండంగుళాలు ఎక్కువ. ఆదివారం అబద్ధం చెప్పాను."

గుమ్మంలో దీపం కాసేపు కదలకుండా నిలబడింది.

"రెండంగుళాలేగా," అంది ఆవిడ పైనుంచి. "మంచాన్నే కోయిస్తాలే. ముందు నువ్వు పరిగెత్తు."